తాత ఏడవలేదు

జనతా కర్ఫ్యూకి రెండు రోజుల ముందు బెంగళూరు నుంచి చోడవరం వచ్చిపడ్డాను. ఒక బ్యాగు, ఆఫీసు లాప్‌టాప్, చార్జరు. పది రోజుల్లో వెనక్కి వెళ్ళిపోతాననుకున్నాను. పద్నాలుగు నెలలు ఉన్నాను.

తాత వాళ్ళ ఇల్లు వినాయకుడి గుడికి నాలుగు వీధులవతల. ముందు గదిలో టీవీ, పక్క గదిలో అమ్మమ్మ కుట్టుమిషను. ఆ మిషను మీద లాప్‌టాప్ పెట్టుకుని పనిచేసేవాణ్ణి. మధ్యాహ్నం పన్నెండయ్యేసరికి ముందు గదిలో శంఖం మోగేది. మార్చి 28 నుంచి డీడీ భారతిలో బి.ఆర్. చోప్రా మహాభారత్ మళ్ళీ వేశారు కదా, అది. తాతకి ఎడమ చెవి అస్సలు వినబడదు, కుడి చెవి సగం సగం. దాంతో టీవీ వాల్యూం వీధి చివరిదాకా వెళ్ళేది. ఆన్‌లైన్ మీటింగులో నేను మైక్ ఆన్ చేస్తే చాలు, నాతోపాటు భీష్ముడు కూడా మాట్లాడేవాడు.

ఆ సీరియల్ హిందీ. మా ఇంట్లో హిందీ బాగా వచ్చినవాడు తాత ఒక్కడే. పదహారేళ్ళ మిలిటరీ హిందీ. అందుకని అమ్మకీ అమ్మమ్మకీ ఆయనే అనువాదకుడు. చాలా పొదుపైన అనువాదకుడు. కృష్ణుడు ఐదు నిమిషాలు మాట్లాడితే, తాత కాసేపు ఆగి, "వద్దంటన్నాడు" అనేవాడు. అమ్మమ్మకి కోపం వచ్చేది. "అంతసేపు అన్నమాట అదేనేటి?" అంటే, "అంతే. మిగతాదంతా పద్యం" అనేవాడు.

మా వీధిలో ఆయన పేరు మిలిటరీ. అమ్మ వయసువాళ్ళకి మిలిటరీ బాబాయి, మాకు మిలిటరీ తాత. 1962లో చైనా యుద్ధమయ్యాక సైన్యాన్ని పెంచుతున్నారని, 1963లో విశాఖపట్నం వెళ్ళి లైన్లో నించుని చేరిపోయాడు. అప్పటికి పందొమ్మిదేళ్ళు. గోల్కొండ ఆర్టిలరీ సెంటర్లో ట్రైనింగ్. 25 పౌండర్ అనే తోప మీద గన్నర్. 65 యుద్ధం, 71 యుద్ధం రెండూ చూశాడు. 79లో పెన్షన్ పుచ్చుకుని వచ్చేసి, అనకాపల్లిలో ఒక బ్యాంకు గుమ్మం దగ్గర తుపాకీ పట్టుకుని అరవయ్యేళ్ళు వచ్చేదాకా కూర్చున్నాడు. యుద్ధం గురించి ఆయన చెప్పగా మాకు తెలిసింది మొత్తం కలిపి మూడు ముక్కలు: చలి ఎక్కువ, రొట్టెలు గట్టి, తోప పేలాక కాసేపు ఎవడు ఏమన్నా వినబడదు. ఆ "కాసేపు" ఎడమ చెవిలో ఇక అయిపోలేదన్నమాట.

ఆ రోజుల్లో నేను ఒక వ్యాసం రాస్తున్నాను. విషయం: నిజంగా యుద్ధం చేసి, తర్వాతో ముందో సినిమాల్లో, టీవీలో నటించినవాళ్ళు. ఒక వెబ్ పత్రిక అడిగింది. నన్నే ఎందుకు అడిగారో చెప్పాలంటే 2017కి వెళ్ళాలి.

2017 ఫిబ్రవరిలో 'గాజీ' వచ్చింది. సంకల్ప్ రెడ్డి దర్శకుడు, రానా హీరో. 1971 డిసెంబరు మొదటి వారంలో విశాఖ సముద్రంలో మునిగిపోయిన పాకిస్తాన్ జలాంతర్గామి కథ. మా జిల్లా కథ. అప్పటికింకా చోడవరం విశాఖ జిల్లాలోనే ఉంది. 71లో పనిచేసిన తాతని పక్కన కూర్చోబెట్టుకుని ఆ సినిమా చూడాలని నాకు పెద్ద కోరిక. సెలవు పెట్టి వచ్చి, కారు మాట్లాడి, విశాఖపట్నంలో ఒక మల్టీప్లెక్సుకి తీసుకెళ్ళాను. సినిమా అయ్యాక బీచ్ రోడ్డులో కుర్సురా జలాంతర్గామి మ్యూజియం, దానికి దగ్గర్లోనే ఉన్న యుద్ధ స్మారకం చూపించాను. పూర్తి ప్యాకేజీ.

వారం తర్వాత సమీక్ష రాశాను. ధ్వని గురించి రెండు పేరాలు, ఇరుకు గదుల్లో కెమెరా కదలిక గురించి ఒక పేరా, చరిత్రకీ కథకీ తేడా గురించి ఒక పేరా. గాజీ ఎలా మునిగిందనేదాని మీద మన నౌకాదళం మాట ఒకటి, పాకిస్తాన్ మాట మరొకటి. సినిమా ఆ సందులో తన కథ పెట్టుకుంది. ఇదంతా బానే ఉంది. చివర్లో ఒక వాక్యం రాశాను: "దీపాలు వెలిగాక చూస్తే, నా పక్కన 1971 యుద్ధంలో పోరాడిన మా తాత కళ్ళు తుడుచుకుంటున్నాడు."

నా రాతల్లో అంతమంది చదివింది ఇంకోటి లేదు. ధ్వని పేరాల గురించి ఎవరూ ఒక్క మాట అనలేదు. తాత గురించే అందరూ. తాతగారికి పాదాభివందనాలు, తాతగారికి సెల్యూట్. ఒకాయన ఆ వాక్యాన్ని ఫొటో తీసి పెట్టుకున్నాడు.

అది అబద్ధం. ఆయన కళ్ళు తుడుచుకున్న మాట నిజమే, శుక్లం ఆపరేషనై మూడు నెలలు కాలేదు, ఏసీ గాలి సూటిగా మొహానికి కొడుతోంది. సినిమా అంతసేపూ ఆయన పాప్‌కార్న్ తిన్నాడు. ఇంటర్వెల్లో, "ఒరే, అన్ని రోజులు నీటి కిందుంటే బాత్రూం ఎలాగరా ఈళ్ళకి?" అని అడిగాడు. బయటికొచ్చాక, "నీటి కింద ఉజ్జోగం. మనవల్ల కాదు" అన్నాడు. బీచిలో ముంత మసాలా రెండు పొట్లాలు తిన్నాడు. నేను అడుగడుగునా ఆయన మొహంలోకి చూస్తూనే ఉన్నాను, ఏదో ఒకటి కనబడుతుందని. ఏమీ కనబడలేదు. అందుకని నేనే రాసేశాను.

ఆ వాక్యం పుణ్యాన నాకు యుద్ధ సినిమాల మనిషినని పేరొచ్చింది. ఆ పేరు మీదే 2020లో ఈ వ్యాసం అడిగారు.

పని మొదలుపెట్టాను. బయటి దేశాల వరకూ చాలా సులువుగా నడిచింది. అమెరికాలో 1940లో నిర్బంధ సైనిక సేవ చట్టం వచ్చింది. నటుడు, నాటుడు అని చూడకుండా అందరికీ పిలుపులొచ్చాయి. జేమ్స్ స్టూవర్ట్ అప్పటికే ఆస్కార్ తీసుకున్నవాడు. బరువు చాలదని మొదట వెనక్కి పంపేశారు. మళ్ళీ ప్రయత్నించి 1941 మార్చిలో చేరాడు. ఇంగ్లండు నుంచి జర్మనీ మీదికి బాంబర్ విమానం నడుపుతూ 20 సార్లు వెళ్ళొచ్చాడు. సైపాన్ దీవిలో గాయపడ్డ లీ మార్విన్ ఆ తర్వాతే నటుడయ్యాడు. 'స్టార్ ట్రెక్' సీరియల్లో ఇంజనీరు స్కాటీగా వేసిన జేమ్స్ డూహన్ కెనడా ఆర్టిలరీలో ఆఫీసరు. 1944 జూన్ 6న నార్మండీ ఒడ్డున దిగాడు. ఆ రాత్రి తమవాళ్ళ సెంట్రీయే పొరపాటున కాల్చడంతో కుడి చెయ్యి మధ్యవేలు పోయింది. తర్వాత టీవీలో అన్నేళ్ళు నటిస్తూ ఆ చెయ్యి కెమెరాకి కనబడకుండా జాగ్రత్తపడేవాడు. ఇక ఆడీ మర్ఫీ. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా తరఫున అందరికంటే ఎక్కువ పతకాలు తెచ్చుకున్నవాళ్ళలో ఒకడు. 1955లో 'టు హెల్ అండ్ బ్యాక్' అనే సినిమాలో తన పాత్ర తనే వేశాడు. తన చుట్టూ తనవాళ్ళు చచ్చిపోయిన రోజుల్ని లైట్ల ముందు మళ్ళీ ఆడాడు. సినిమా బ్రహ్మాండంగా ఆడింది. ఆయన మాత్రం దిండు కింద నిండు తుపాకీ పెట్టుకుని పడుకునేవాడు. ఆ నిద్రపట్టని జబ్బు గురించి తర్వాత బయటికి చెప్పాడు, కొరియా నుంచీ వియత్నాం నుంచీ తిరిగొచ్చినవాళ్ళని పట్టించుకోండని అడిగాడు.

ఈ నోట్సు రాసుకుంటుంటే స్టూవర్ట్ దగ్గర ఒక విషయం తగిలింది. యుద్ధం నుంచి తిరిగొచ్చాక, తన సైనిక సేవను సినిమా ప్రచారానికి వాడకూడదని స్టూడియోలకి షరతు పెట్టాడట. దాన్ని ఒక్క లైన్లో రాసుకుని తర్వాతి పేరుకి వెళ్ళిపోదామనుకున్నాను. వెళ్ళలేకపోయాను. ముందు గదిలో తాత టీవీ చూస్తున్నాడు. ఆ మనిషి ఏది చేయొద్దని సంతకం పెట్టించుకున్నాడో, నేను సరిగ్గా అదే చేశాను. అదీ ఒక సినిమాని అమ్ముకోడానికి కాదు, ఒక సమీక్షని అమ్ముకోడానికి.

తెలుగు దగ్గరికొచ్చేసరికి వ్యాసం ఆగిపోయింది. మనవాళ్ళు సినిమాల్లోకి రాకముందు ఏం చేసేవాళ్ళో చూడండి. ఎన్టీఆర్ కొద్దిరోజులు సబ్ రిజిస్ట్రారు. ఎస్వీ రంగారావు ఫైర్ ఆఫీసరు. రమణారెడ్డి శానిటరీ ఇన్‌స్పెక్టరు. జగ్గయ్య ఢిల్లీ రేడియోలో వార్తలు చదివేవాడు. ప్రభాకరరెడ్డి డాక్టరు. రంగనాథ్ రైల్వేలో టికెట్లు చూసేవాడు. ఇన్ని ఉద్యోగాల్లోంచి వచ్చారు. యుద్ధభూమిలోంచి వచ్చినవాడు మాత్రం నాకు ఒక్కడూ తగల్లేదు. యూనిఫారాలకేమీ కరువు లేదు. 1993లో ఎన్టీఆర్ 'మేజర్ చంద్రకాంత్' అయ్యాడు. అందులో దేశభక్తి పాట ఇప్పటికీ పంద్రాగస్టుకి చోడవరం బడులన్నిటా మోగుతుంది. 2015లో 'కంచె' కోసం వరుణ్ తేజ్ రెండో ప్రపంచయుద్ధంలోకి వెళ్ళొచ్చాడు.

దక్షిణాదిలో బిరుదుల సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. మేజర్ సుందరరాజన్ ఎప్పుడూ మేజర్ కాడు. బాలచందర్ 'మేజర్ చంద్రకాంత్' నాటకంలో గుడ్డి మేజర్ వేషం వేస్తే ఆ పేరు ఉండిపోయింది. కెప్టెన్ విజయకాంత్ కూడా అంతే. 1991లో 'కెప్టెన్ ప్రభాకరన్' సినిమాతో వచ్చిన పేరది. అందులో ఆయన వేసింది అడవి శాఖ ఆఫీసరు! మలయాళంలో కెప్టెన్ రాజు ఒక్కడే నిజం కెప్టెన్. ఇరవయ్యొకటో ఏట సైన్యంలో చేరి, ఆఫీసరుగా చేసి, బయటికొచ్చి నటుడయ్యాడు. తెలుగు సినిమాల్లోనూ కనిపించేవాడు. ఉత్తుత్తి మేజర్లకీ కెప్టెన్లకీ గౌరవమైన పాత్రలొస్తే, నిజం కెప్టెనుకి ఎక్కువగా విలన్ వేషాలు. కేరళ జనానికి ఆయన పేరు చెప్తే ముందు గుర్తొచ్చేది 'నాడోడిక్కాట్టు'లో పవనాయి, ఒక్క హత్యా సరిగ్గా చేయలేని కిరాయి హంతకుడు.

తెలుగులో ఎందుకు లేరో ఆలోచించాను. పెద్ద రహస్యమేమీ లేదు. మన దేశంలో నిర్బంధ సైనిక సేవ ఎప్పుడూ లేదు. చేరాలనుకున్నవాడు చేరతాడు. చేరాలని ఎవరనుకుంటారు? రెండెకరాలో మూడెకరాలో ఉండి నలుగురన్నదమ్ములున్న ఇంట్లో రెండోవాడు. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం అనే ఊరుంది, మిలిటరీ మాధవరం అంటారు. మొదటి ప్రపంచయుద్ధానికి 90 మందిని, రెండోదానికి వెయ్యి మందికి పైగా పంపిన ఊరది. అక్కడ మిలిటరీ అంటే ఇంటి వృత్తి. మా ఉత్తరాంధ్రలోనూ చాలా ఊళ్ళకి అది ఒక జీతం, ఒక పెన్షన్, ఒక క్యాంటీన్ కార్డు. సినిమా గుమ్మమేమో మద్రాసులో ఉండేది. పరిషత్తు నాటకాలు ఆడినవాళ్ళు, కాలేజీ స్టేజి ఎక్కినవాళ్ళు, పానగల్ పార్కులో కూర్చుని అవకాశం కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూడగలిగినవాళ్ళు అక్కడికి వెళ్ళారు. నటుడు కావడానికి పట్టే ఆ ఇరవై నుంచి ముప్పయ్యైదేళ్ళ వయసు సిపాయి సరిహద్దులో గడిపేస్తాడు. తిరిగొచ్చేసరికి అతనికి దొరికే వేషం బ్యాంకు గుమ్మం దగ్గరుంటుంది. తెలుగులో యుద్ధం చేసేవాళ్ళు, వేషం కట్టేవాళ్ళు వేర్వేరు మనుషులని తేల్చేశాను. వ్యాసానికి అదే ముగింపు అనుకున్నాను.

ఏప్రిల్లో ఒక మధ్యాహ్నం మీటింగు రద్దయితే నేనూ ముందు గదిలో కూర్చున్నాను. జూదం భాగం నడుస్తోంది. కుంటుతూ, ఒక కన్ను సగం మూసి, శకుని పాచికలు నలుపుతున్నాడు. ఈ నటుడెవరో చూద్దామని ఫోను తీశాను. గూఫీ పెయింటల్. 1944లో పుట్టాడు. ఆ సీరియల్‌కి నటుల్ని వెతికిన క్యాస్టింగ్ డైరెక్టరు కూడా ఆయనే. 1962లో ఇంజనీరింగ్ చదువుతుండగా చైనా యుద్ధమొచ్చి, కాలేజీలోనే భర్తీ చేసుకుంటుంటే సైన్యంలో చేరానని తనే ఒకచోట చెప్పుకున్నాడు. మొదటి పోస్టింగు చైనా సరిహద్దు. ఆర్టిలరీ. అక్కడ టీవీలేదు, రేడియోలేదు, పొద్దుపోక జవాన్లు రామ్‌లీల ఆడేవాళ్ళట. ఈయన సీత. రావణుడు స్కూటరెక్కి వచ్చి ఎత్తుకుపోయేవాడట.

నాకు నవ్వొచ్చింది. తాత కుడి చెవి దగ్గరికెళ్ళి గట్టిగా చెప్పాను. "తాతా, ఈ శకుని మీవాడే. ఆర్టిలరీ. నీ వయసే."

తాత టీవీ మీంచి కళ్ళు తిప్పలేదు. "ఏ రెజిమెంటు?"

"అది తెలీదు. చైనా బోర్డర్‌లో రామ్‌లీల ఆడేవాళ్ళంట. ఈయన సీత వేసేవాడంట."

అప్పుడు తిరిగాడు. "సీతేసేడా?" అని పెద్దగా నవ్వాడు. పళ్ళసెట్టు పెట్టుకోలేదు, నోరంతా చిగుళ్ళు. నవ్వి నవ్వి, రిమోట్ తీసి వాల్యూం తగ్గించాడు. ఆ ఇంట్లో ఆయనంతట ఆయన వాల్యూం తగ్గించడం నేను చూడ్డం అదే మొదలు.

"నానూ ఏసేను. సెంద్రమతి."

అమ్మమ్మ వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో నించుంది. యాభై ఐదేళ్ళ కాపురంలో ఆవిడకీ తెలీని సంగతి.

ఆయన చెప్పింది దాదాపు ఆయన మాటల్లోనే రాస్తాను.

"మా బేటరీలో తెలుగోళ్ళం పదకొండు మందిమి. పండగలకి పంజాబీలు భాంగ్రా ఆడీవోరు, మరాఠీలు ఏదో పాడీవోరు. మీరేటి సేత్తారని సుబేదార్ సాబ్ అడిగేడు. మాలో గోదావరోడొకడున్నాడు. మంచి గొంతు. హరిశ్చంద్ర పద్యాలన్నీ వచ్చు ఆడికి. కాటి సీనేద్దారన్నాడు. ఆడు హరిశ్చంద్రుడు. నాకు మీసాలు సరిగ్గా రాలేదని నన్ను సెంద్రమతిని సేసేసేరు. సీర లేదు. కంబళి కట్టేం. దుప్పటి సుట్టి లోహితుణ్ణి సేసేం. ఆ హిందీవోళ్ళకి ఒక్క ముక్క అర్థం కాదు గానీ, ఆడు రాగం తీత్తుంటే కదలకుండా కూసునీవోరు. ఒకసారి బడాఖానాకి కల్నల్ సాబ్ కూడా కూసున్నాడు. మూడేళ్ళు ఏసేం అది. ఎక్కడికెల్తే అక్కడ."

తెలియనివాళ్ళ కోసం చెప్తాను. కాటి సీనులో హరిశ్చంద్రుడు శ్మశానంలో కాటికాపరి. పాము కరిచి చచ్చిపోయిన కొడుకుని మోసుకుని చంద్రమతి అక్కడికొస్తుంది. ఆవిడెవరో అతనికి తెలీదు, అతనెవరో ఆవిడకి తెలీదు. సుంకం కట్టందే శవాన్ని కాల్చనివ్వనంటాడు. పల్లెల్లో నాటకం మొత్తం చూడనివాళ్ళు కూడా ఈ ఒక్క సీను కోసం తెల్లవారుజామున లేచి వచ్చేవాళ్ళు.

"మరి తర్వాత?" అన్నాను.

"తరవాతేటి. డెబ్బయొకటి."

టీవీలో ధర్మరాజు ఏదో పణం పెడుతున్నాడు. తాత అటే చూస్తున్నాడు.

"మేం అటేత్తే ఆళ్ళూ ఇటేత్తారు కదరా. ఆడు పక్క తోప మీదున్నాడు. పొద్దున్న టీ తాగుతుండగా పడింది. ముగ్గురు పోనారు. ఆడొకడు. అక్కడే కాల్సేసేం, బూడిద ఇంటికంపేరు. కర్రలు దొరకలేదు. నానూ ఇంకో ఇద్దరూ ఏరుకొచ్చేం."

అంతే. మళ్ళీ వాల్యూం పెంచేశాడు. ఆ స్నేహితుడి పేరు కూడా చెప్పాడు. ఇక్కడ రాయను. వాళ్ళింటివాళ్ళు ఎక్కడో ఉండే ఉంటారు, ఈ సంగతి వాళ్ళు ఇలా చదవడం బాగుండదు.

నేను చాలాసేపు ఏమీ అడగలేదు. తర్వాత అడగాల్సింది ఒకటుందని గుర్తొచ్చింది. "తాతా, గాజీ సినిమాకి నువ్వు ఏడ్చావని రాశాను. నీకు తెలుసా?"

"మీ యమ్మ సదివింది."

"మరి ఏమీ అనలేదే?"

"నానెప్పుడేడిసేన్రా అన్నాను మీ యమ్మతోటి. ఏదోలే, గుంటడు కథ రాసుకున్నాడంది. రాసుకోనీ అన్నాను." కాసేపాగి, "సినిమా బాగుంది" అన్నాడు. నన్ను ఓదార్చడానికి.

ఆ రాత్రి అమ్మ ఒక మాట చెప్పింది. తన చిన్నప్పుడు, తాత రిటైరై వచ్చిన కొత్తలో, ఉత్సవాలకి హరిశ్చంద్ర నాటకం వేసేవాళ్ళట. తాత పిల్లలందరినీ తీసుకెళ్ళి, చాప పరిచి ముందు కూర్చోబెట్టేవాడు. వారణాసి సీను దాకా పద్యం పద్యానికీ తలూపుతూ చూసేవాడు. కాటి సీనుకి తెర లేచేముందు మాత్రం, "నిద్దరొత్తంది, మీరు సూసి రండి" అని లేచి ఇంటికెళ్ళిపోయేవాడు. ప్రతిసారీ. మిలిటరీ మనిషి కదా, వేళకి పడుకునే అలవాటనుకున్నారు అందరూ. అమ్మ కూడా ఆ మధ్యాహ్నం దాకా అలాగే అనుకుంది.

నేను ఎక్కడ వెతికానో చూడండి. యుద్ధం చేసిన మనిషి యుద్ధం సినిమా చూస్తే ఏదో అవుతుందని టికెట్టు కొని తీసుకెళ్ళాను. ఆయనకి ఆ తెర మీద జలాంతర్గామి తెలీదు, ఆ ఇరుకు గదులు తెలీవు. అది వేరేవాళ్ళ ఉద్యోగం. ఆయన యుద్ధమేమో ఇక్కడే, గుడి దగ్గర పెట్రోమాక్స్ వెలుతురులో, హార్మోనియం పక్కన ఉంది. కళ్ళు తుడుచుకోవడం కోసం నేను కాపు కాశాను. ఆయన చేసేదేమో లేచి వెళ్ళిపోవడం. దాన్ని మా ఇంట్లో నలభయ్యేళ్ళుగా నిద్ర అన్నారు.

వ్యాసం విషయంలోనూ అదే తప్పు చేశాను. యుద్ధం చేసిన తెలుగు నటుడి కోసం సినిమా టైటిళ్ళలో వెతికి, లేరని తేల్చేశాను. యుద్ధం చేసేవాళ్ళు, వేషం కట్టేవాళ్ళు వేర్వేరు మనుషులని కూడా రాసుకున్నాను. ఆ పదకొండు మంది కంబళి కట్టుకుని ఆడిన నాటకం ఏ జాబితాలోకి వస్తుంది? గూఫీ పెయింటల్ శకుని కాకపోయి ఉంటే ఆయన సీత వేషం సంగతి ఎవరడుగుతారు? సినిమాల్లోకి వచ్చిన సైనికులు లెక్కకి దొరుకుతారు, ఎందుకంటే సినిమా వాళ్ళ పేర్లు రాసి పెట్టింది. సైన్యంలోనే నటులైనవాళ్ళకి ఆ బేటరీలో ఉన్న జనం తప్ప ప్రేక్షకులు లేరు. వాళ్ళలోనూ కొందరు రాలేదు.

డూహన్ వేలు నాకు ఇప్పుడు వేరేగా అర్థమవుతోంది. మొదట్లో అది సరదా సమాచారం: చూశారా, ఈ సీనులో చెయ్యి ఎలా దాచాడో! అలాంటివి నేను చాలా పోగుచేశాను. దాచుకున్న చెయ్యిని వెతికి చూపించడం విమర్శ అనుకున్నాను. దాచుకున్నవాడికి ఓ కారణం ఉంటుంది కదా అన్న ఆలోచనే రాలేదు. అలాగని అసలేమీ అడగకూడదనీ అనను. అడగబట్టే కదా ఆయన చెప్పాడు. కాకపోతే నేను యుద్ధం గురించి అడిగినన్నాళ్ళూ మూడు ముక్కలే వచ్చాయి. శకుని గురించి చెప్తే మిగతాది వచ్చింది.

ఆ వ్యాసం పంపలేదు. ఆఫీసు పని ఎక్కువైందని ఎడిటరుకి రాశాను. అదీ అబద్ధమే.

తాత 2022 చలికాలంలో పోయారు. అప్పటికి మాది అనకాపల్లి జిల్లా అయింది. శారదా నది ఒడ్డుకి తీసుకెళ్ళాం. మాజీ సైనికులు నలుగురొచ్చి జెండా కప్పారు, సెల్యూట్ చేశారు. వాళ్ళలో ఎవరూ ఆయనతో పనిచేసినవాళ్ళు కారు. 2023 జూన్‌లో గూఫీ పెయింటల్ పోయాడని ఆఫీసు క్యాబ్‌లో ఉండగా ఫోన్లో చూశాను. తాతకి చెప్పాలని ఒక్క క్షణం అనిపించింది, ఆ పెద్ద గొంతు కూడా గొంతులోకి వచ్చేసింది, కుడి చెవి దగ్గర అరవాలి కదా.

పోయిన నెల ఆ పాత సమీక్ష తెరిచాను. ఆ వాక్యం ఇంకా అక్కడే ఉంది. దాని కింద దండాలూ అక్కడే ఉన్నాయి. దాన్ని ఊరికే తీసేస్తే అలా ఎప్పుడూ రాయనట్టే అయిపోతుంది. అందుకని ఎడిటరుకి ఒక సవరణ పంపాను. వాళ్ళు వేస్తారో వేయరో తెలీదు కాబట్టి ఇక్కడా పెడుతున్నాను.

సవరణ: 2017లో 'గాజీ' చూసి మా తాత ఏడవలేదు. ఆయనకి కొత్తగా కంటి ఆపరేషనైంది. పాప్‌కార్న్ బాగుందన్నారు. సబ్‌మెరీన్లో బాత్రూం ఎలా అని అడిగారు. ఆ ప్రశ్నకి నేను ఇంతవరకూ జవాబు కనుక్కోలేదు.